ఎర్ర గుడ్డ కట్టిన మంచం

ఆ కొట్టులో సామాను కొంటే, సామానుతో పాటు ఎవరో ఒకరు ఇంటికి వస్తారని చెప్పుకునేవాళ్ళు.

కొట్టంటే చిన్నదేం కాదు. రేకుల కప్పు, పొడుగాటి హాలు, అందులో జనం వాడి వదిలేసిన సంసారాలన్నీ వరసగా పేర్చి ఉంటాయి. మంచాలు ఒక పక్క, బీరువాలు ఒక పక్క, కుర్చీలు ఒకదాని మీద ఒకటి ఎక్కి. ఇల్లు మారేవాళ్ళు, విడిపోయేవాళ్ళు, పోయినవాళ్ళ తాలూకు వాళ్ళు... అందరూ అక్కడికే తెచ్చి పడేస్తారు. కొత్తవి కొనలేనివాళ్ళు అక్కడికే వచ్చి ఏరుకుంటారు. ఒకరింట్లో అడ్డమైంది ఇంకొకరింట్లో ఆసరా అవుతుంది.

పగలు ఏ గొడవా లేదు. గొడవంతా పొద్దుగూకాకే.

రాత్రిపూట ఆ వీధిన పోయినవాళ్ళు లోపల వెలుతురు చూశారట... మిణుకుమిణుకుమంటూ, బీరువాల సందులోంచి కుర్చీల వైపు, కుర్చీల వైపు నుంచి మంచాల వైపు. గర్... గర్... మని ఏదో గీరుతున్న చప్పుడు విన్నారట. ఎదురుకొట్టు దర్జీ అయితే ఒక రాత్రి షట్టరు సందులోంచి తొంగిచూశాడు. నిలువుటద్దం ముందు ఒక ఆడపిల్ల నిలబడి జడ అల్లుకుంటోందట. చూసినవాడు చూసినట్టే ఇంటికెళ్ళి ముసుగు తన్ని, వారం దాకా కొట్టు తెరవలేదు.

అది చాలదన్నట్టు, కొన్నవాళ్ళు చెప్పేవి మరీ దారుణం. ఒకావిడ తెచ్చుకున్న దిండు మీద పొడుగాటి వెంట్రుక. పాత దిండు కదా, ఉండదా అంటారేమో! ముందురోజు ఆవిడ దగ్గరుండి ఉతికిన గలీబు తొడిగించిన దిండది. ఇంకొకాయన పొద్దున్నే మంచం దింపించుకుంటే, పరుపు మధ్యలో గుంట పడి, ఆ గుంట వెచ్చగా ఉందట. ఆయన ఆ మంచం మీద పడుకోవడానికి చాలాకాలం పట్టింది.

కొట్టు ఆసామి ఈ మాటలకు నవ్వి ఊరుకునేవాడు. అవుననడు, కాదనడు. కాపలావాణ్ణి పెట్టకుండానే ఏ దొంగా ఆ ఛాయలకు రావడం లేదు మరి. ఊరికే వచ్చిన కాపలా ఎవరికి చేదు?

ఇదంతా ఇస్త్రీ అక్కకు తెలుసు. తెలిసీ ఆ కొట్టుకే వెళ్ళింది. ఆమెకు దెయ్యాల కంటే పెద్ద భయం ఇంకొకటుంది. అది వాళ్ళ అన్నయ్య.

ఇస్త్రీ అక్క పెద్ద హోటల్లో దుప్పట్లు ఇస్త్రీ చేసే మనిషి. పక్కన పనిచేసేవాళ్ళు పెట్టిన పేరే నిలిచిపోయింది. ఎవరెవరో పడుకోబోయే పక్కల ముడతలు రోజంతా సాపు చేసి చేసి, ఇంటికొచ్చి తన పక్క దులుపుకునే ఓపిక ఉండేది కాదు. మొగుడితో విడిపోయి ఏడాది దాటింది. ఆయన కొట్టాడని కాదు, తిట్టాడనీ కాదు. గోడలకు రంగులేసే పని ఆయనది. పని ఉన్ననాడు అలసిపోయి మాట్లాడడు, లేనినాడు దిగులుపడి మాట్లాడడు. గోడతో కాపురం చేస్తున్నట్టుండేది ఆమెకు. ఒకనాడు సంచిలో బట్టలు సర్దుకుని వచ్చేసింది. హోటలు వాళ్ళిచ్చిన ఆడవాళ్ళ గదుల్లో పిల్లల్ని ఉండనివ్వరు. అందుకని కూతురు పిచ్చుక తండ్రి దగ్గరే ఉండిపోయింది.

సెలవు రోజున పార్కులో కూతుర్ని చూసుకునేది. ఆయన పిల్లను గేటు దగ్గర వదిలి, సాయంత్రం వచ్చి తీసుకెళ్ళేవాడు. ఇల్లు మారామన్నాడు. ఎక్కడికని అడిగితే దూరమన్నాడు. ఇంకో మాట అడిగితే ఇంకో మాట చెప్పాలి కదా, ఆయన అప్పటికే మలుపు తిరిగిపోయేవాడు.

చివరికి అన్నయ్య తీర్పు చెప్పాడు. పెంచినవాడూ ఆయనే, పెళ్ళి చేసినవాడూ ఆయనే. కాబట్టి తీర్పులూ ఆయనవే.

"నీకు ఇల్లు లేదు, వాడికి నిలకడ లేదు. మధ్యలో పిల్ల నలిగిపోతోంది," అన్నాడు. "ఒక గది చూసుకో. నేనొచ్చి కళ్ళారా చూస్తా. పిల్ల పడుకోవడానికి మంచం, బట్టలకు బీరువా, వంటకు పొయ్యి... ఇల్లంటే ఇల్లులా ఉండాలి. ఉంటే నీ దగ్గరే ఉంచుకో. లేకపోతే హాస్టల్లో వేసేస్తా. వాడి ఇల్లు కూడా చూస్తా. అదీ ఇల్లులా లేకపోతే, ఇక వాడు పిల్లని కలవనే అక్కర్లేదు."

అన్నయ్య అన్న మాట తప్పే మనిషి కాదు. అదే ఆయనతో వచ్చిన చిక్కు.

ఇస్త్రీ అక్క గది అద్దెకు తీసుకుంది. పొయ్యి, హోటల్లో పక్కన పనిచేసే ఒకామె ఇచ్చింది. బీరువా ఆ కొట్టులోనే కొంది. అద్దం పగిలింది గాని తలుపు పడుతుంది. మంచమే దొరకలేదు. ఉన్నవన్నీ గదంత మంచాలు. రేపు పొద్దున మొదటి బస్సుకు అన్నయ్య దిగుతాడనగా, డ్యూటీకి వెళ్తూ ఆఖరిసారి చూద్దామని కొట్లోకి తొంగిచూసింది. పిల్లల మంచం ఒకటి కనబడింది. చెక్క మంచం, తలవైపు పుస్తకాలు పెట్టుకునే చిన్న అర. కూర్చుని అటూ ఇటూ ఊగి చూసింది. కిర్రుమనలేదు.

"మా దగ్గర అతుకుల సామాను ఉండదమ్మా," అంది గల్లా దగ్గర కూర్చున్న వదినగారు. ఆసామి తమ్ముడి భార్య ఆవిడ, వచ్చేపోయేవాళ్ళందరికీ వదినగారే. "ఎవరింట్లోంచి వచ్చింది వచ్చినట్టే. మేము ఒక మేకు కూడా కొట్టం." ఇది ఆసామి నేర్పిన మాట. బాగుచేసిన సామానంటే కొనేవాళ్ళు సగానికి బేరమాడతారని ఆయన భయం.

మంచం కాలికి ఎర్ర గుడ్డ కట్టారు. అమ్ముడుపోయిందని గుర్తు. ఆ కొట్లో ఇంకో పద్ధతి ఉంది. అమ్ముడుపోయిన మంచాన్ని ఆ సాయంత్రమే శుభ్రంగా తుడిచి, పరుపు దులిపి, దుప్పటి పరిచి ఉంచుతారు. కొన్నవాళ్ళు వచ్చేసరికి వేసిన పక్క కనబడాలి, అదీ ఆసామి పట్టుదల.

"బండివాడు రేపు మధ్యాహ్నం తెస్తాడు," అంది వదినగారు.

"మా అన్నయ్య పొద్దున్నే వస్తాడండీ. మధ్యాహ్నం దాకా ఆగితే ఇంక మంచంతో పనుండదు నాకు."

వదినగారు ఆమె మొహం చూసింది. ఏమనిపించిందో, గొంతు తగ్గించింది. "మా బావగారు ఊళ్ళో లేరు. చీకటి పడ్డాక నేనీ గడప తొక్కను. అంత అవసరమైతే వెనక తలుపు తాళంచెవి ఇస్తా, నువ్వే తీసుకెళ్ళు. తోడు తెచ్చుకో... మనుషుల్నే తెచ్చుకో సుమా."

రాత్రి, డ్యూటీ దిగేసరికి ఇస్త్రీ అక్క నడుం విరిగిపోయినట్టుంది. వీధి చివర పళ్ళబండి ఆయన్ని బతిమాలి బండి తీసుకుంది. ఆయన మలుపు దాకా తోడొచ్చి, మూసేసిన కొట్టు అరుగు మీద చతికిలబడ్డాడు.

"బండి నీదే అనుకో తల్లీ," అన్నాడు. "నన్ను మాత్రం ఈ మలుపు దాటించకు. ఆలస్యమైతే నేనొచ్చి వెతుకుతానని కూడా అనుకోకు."

వెనక సందులో వీధిదీపం లేదు. బండి చక్రాల చప్పుడు తప్ప ఇంకో చప్పుడు లేదు. తలుపు దగ్గర బండి ఆపి, సంచిలో తాళంచెవి కోసం తడుముకుంది. అప్పుడు వినబడింది.

గర్... గర్... గర్...

లోపలి నుంచే. తొందర లేని చప్పుడు. గోళ్ళతో చెక్కను గీరుతున్నట్టు... కాసేపు గీరి, ఆగి, ఊది, మళ్ళీ గీరినట్టు.

ఆమె చెయ్యి తాళం మీదే ఉండిపోయింది. వెనక్కి పోదామనుకుంది. పోతే ఏమవుతుందో కూడా అనుకుంది. పొద్దున అన్నయ్య వస్తాడు, గది నాలుగు వైపులా చూస్తాడు, పిల్ల ఎక్కడ పడుకుంటుందని అడుగుతాడు. అంతే. పిచ్చుక పెట్టె సర్దుకుంటుంది. అయినా భయపడటానికి కూడా ఓపిక కావాలి. ఆమె దగ్గరున్న ఓపిక పొద్దున్నుంచి దుప్పట్లకే సరిపోయింది.

తలుపులోనే అమర్చిన తాళం తిప్పింది. తలుపు కిర్రుమంది...

చప్పుడు ఆగిపోయింది. దూరంగా, బీరువాల వెనక మిణుకుమంటున్న వెలుతురు ఒకటి ఠక్కున ఆరిపోయింది.

చీకటి. ఊపిరి బిగబట్టి నిలబడింది. అవతల కూడా ఎవరో ఊపిరి బిగబట్టి నిలబడ్డారని ఆమెకు తెలుస్తోంది. ఎలా తెలుస్తోందంటే చెప్పలేదు. ఘాటైన వాసనొకటి ముక్కుకు కొట్టింది... పాత చెక్క వాసన కాదు, బూజు వాసన కాదు. సూది వేసేముందు దూదితో తుడుస్తారే, ఆ వాసన.

"ఎవరూ..." అంది. ఆ మాట తనకే వినబడలేదు. అనలేదనే చెప్పాలి.

ఫోను లైటు వేసింది. వరసగా ఉన్న నిలువుటద్దాలన్నిట్లో ఒక్కసారి లైట్లు వెలిగి, ఒక్కో లైటు వెనక ఒక్కో ఆడమనిషి నిలబడింది. తర్వాత గుర్తుపట్టింది, అందరూ తనే. ఇంత చిక్కిపోయానా అని కూడా అనిపించింది, ఆ భయంలోనే.

మంచాలు హాలుకు అటు చివర ఉంటాయి. కుర్చీల మధ్య నుంచి అడుగులో అడుగు వేసుకుంటూ నడిచింది.

టప్... టప్...

ఆగింది. ఒక కుర్చీ వీపు మీద ఏవో తెల్లగా వేలాడుతున్నాయి. వాటి నుంచి నీటి చుక్కలు రాలుతున్నాయి. దగ్గరికి వెళ్ళి చూస్తే చిన్నపిల్లల మేజోళ్ళు, ఇప్పుడే ఉతికి ఆరేసినవి. పక్కన బల్ల మీద కడిగి బోర్లించిన రెండు కంచాలు. దెయ్యాలకు పాదాలు వెనక్కి తిరిగి ఉంటాయని విందిగాని, వాటికి మేజోళ్ళు కావాలని ఎవరూ చెప్పలేదు. నవ్వు రావలసిన చోట ఒళ్ళు జలదరించింది. ఎందుకంటే ఇది కథ కాదు, ఇక్కడ ఎవరో ఉన్నారు. అన్నం తిని, కంచం కడుక్కుని... ఉన్నారు.

ఇంకో నాలుగడుగులు. ఎర్ర గుడ్డ కనబడింది. తన మంచమే.

మంచం మీద దుప్పటి పరిచి ఉంది.

దుప్పటి కింద ఎవరో ఉన్నారు.

చిన్న ఆకారం. గోడవైపు తిరిగి, మోకాళ్ళు ముడుచుకుని. దుప్పటి పైకి లేస్తోంది, దిగుతోంది... లేస్తోంది, దిగుతోంది. దిండు మీద పొడుగాటి జడ. లైటు ఆ జడ మీద పడగానే ఆకారం కొంచెం కదిలి, మళ్ళీ సర్దుకుంది.

పరుగెత్తాలి. చెయ్యి మాత్రం, ఎందుకో, దానంతటది ముందుకు పోయింది. ఒక్క దుప్పటి అంచు... కొసన పట్టుకుని...

"లేపకు."

వెనక నుంచి. చెవి పక్కనే. మగగొంతు, గుసగుసగా.

గిర్రున తిరిగింది. లైటులో తెల్లటి మనిషి నిలబడి ఉన్నాడు. జుట్టు తెలుపు, కనుబొమలు తెలుపు, మొహమంతా తెల్లగా పిండి పూసినట్టు... ఎడమ చెయ్యి పైకి లేవకుండా ఒంటికి అతుక్కుపోయి ఉంది. కుడిచేతిలో అరిగిపోయిన గరుకు కాగితం ముక్క. చెక్కపొట్టు రాలుతోంది ఒంటి మీద నుంచి.

ఆ తెల్లటి మొహంలో కళ్ళు మాత్రం ఆమెకు బాగా తెలిసినవి.

"నువ్వా?" అంది ఇస్త్రీ అక్క.

"నువ్వా?" అన్నాడు పిల్ల తండ్రి.

ఆమె లైటు మళ్ళీ మంచం వైపు తిప్పింది. దుప్పటి అంచు తీసింది. పిచ్చుక. నోరు కొంచెం తెరుచుకుని, చెయ్యి చెంప కింద పెట్టుకుని, పార్కు బెంచీ మీద తన ఒళ్ళో నిద్రపోయినట్టే నిద్రపోతోంది.

ఇద్దరూ పక్కనున్న కుర్చీల్లో కూలబడ్డారు. అవీ ఎవరివో పాత కుర్చీలు.

ఆయన ఆ రాత్రి మాట్లాడినంత కాపురం చేసినన్నాళ్ళూ మాట్లాడి ఉండడు. నిచ్చెన మీద నుంచి పడ్డాడు. భుజం పోయింది. చెయ్యి లేవని వాడితో గోడలకు రంగులెవరు వేయించుకుంటారు? అద్దె కట్టలేక ఇల్లు ఖాళీ చేశాడు. కొట్టు ఆసామే వెనక తలుపుకు రెండో తాళంచెవి ఇచ్చి చేరదీశాడు. రాత్రిపూట సామాను రుద్ది, విరిగినవి అతికి, స్పిరిట్ కలిపిన లక్క పాలిష్ పెట్టాలి. పగలు ఆ ఛాయల్లో కనబడకూడదు. సామాను బాగుచేయిస్తున్నారని ఎవరికీ తెలియకూడదు, ఇంట్లోవాళ్ళకు కూడా. పిల్ల పడుకోవడానికి చోటడిగితే, చీకటి పడ్డాక తెచ్చుకో అన్నాడు.

"ఏ రోజు ఏ మంచం అమ్ముడైతే దాని మీద పడుకోబెడతా," అన్నాడు. "శుభ్రంగా ఉండేది అదొక్కటే కదా. దుప్పటి కూడా పరిచి ఉంటుంది. తెల్లారకముందే లేపేస్తా. బండివాడు వచ్చేలోగా."

"నాతో ఒక్క మాట చెప్పలేకపోయావా?"

"నీకు చెబితే మీ అన్నయ్యకు తెలుస్తుంది."

అది నిజం. నిజం కాబట్టే ఆమెకు అంత కోపం వచ్చింది. తన బిడ్డ ఊరివాళ్ళు విడిచిన పక్కల మీద, దొంగలా, రోజుకో చోట... పొద్దున అన్నయ్యతో ఒక్క మాట అంటే చాలు. ఈ మనిషి పిల్ల ఛాయకు కూడా రాలేడు. హాస్టల్ లేదు, వంతులు లేవు, పార్కు గేటు లేదు. పిచ్చుక తనదే. ఆ ఒక్క మాటా నాలుక చివరిదాకా వచ్చి కూర్చుంది. ఆయనకూ తెలుసు, కూర్చుందని. తల దించుకుని చేతిలోని గరుకు కాగితాన్ని మడత పెడుతున్నాడు, విప్పుతున్నాడు.

మంచం మీద పిచ్చుక కదిలింది. కళ్ళు నులుముకుంది. తల్లిని చూసి ఆశ్చర్యపోలేదు. నిద్రలో ఉన్న పిల్లకు ఆశ్చర్యాలేముంటాయి?

"అమ్మా," అంది. "ఈ మంచం బాగుంది కదా. ఎవరో కొనేశారమ్మా. రేపు పట్టుకుపోతారు."

"నేనే కొన్నానే."

"ఎవరికి?"

ఇస్త్రీ అక్క దుప్పటి పిల్ల భుజం దాకా లాగింది. "నీకే," అంది.

పిచ్చుక దాని గురించి ఆలోచించింది. ఎర్ర గుడ్డ వైపు చూసింది, నాన్న వైపు చూసింది.

"అయితే చీకటితో లేవక్కర్లేదా?"

ఆయనే ముందు లేచాడు. మంచి చేత్తో మంచం ఒకవైపు పట్టుకున్నాడు. "రెండోవైపు పట్టు," అన్నాడు.

మంచం విడదీయకుండానే బండి మీద కట్టారు. విడదీస్తే పిల్ల ఎక్కడ కూర్చుంటుంది? మలుపు దగ్గర పళ్ళబండి ఆయన కునికిపాట్లు పడుతున్నాడు. కళ్ళు తెరిచేసరికి తన బండి మీద మంచం, మంచం మీద జడేసుకున్న ఆడపిల్ల, వెనక నుంచి తోస్తూ తల నుంచి కాళ్ళ దాకా తెల్లటి మనిషి. ఆయన పెద్ద పొలికేక పెట్టి పరుగు లంకించుకున్నాడు. చెప్పులు అరుగు కిందే ఉండిపోయాయి. ఆ వీధిలో ఇప్పటికీ ఆ కథ చెబుతారు, ఆయనే దగ్గరుండి చెబుతాడు. చెప్పులు తెచ్చిచ్చిందెవరో మాత్రం చెప్పడు.

గదిలో మంచం దించి, దారిలో వదులైన బోల్టులు బిగించి, ఆయన గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. పిచ్చుక అప్పటికే పడుకుంది.

"వెళ్తాను," అన్నాడు. "ఇంకా కుర్చీలు రుద్దాలి."

ఆమె ఉండమనలేదు. పొమ్మనీ అనలేదు. "భుజానికి వేడినీళ్ళ కాపడం పెట్టుకో," అంది.

పొద్దున మొదటి బస్సుకే అన్నయ్య దిగాడు. చెప్పులు బయట విడిచి, చేతులు వెనక్కి కట్టుకుని గదంతా తిరిగాడు. పొయ్యి వెలిగించి ఆర్పాడు. బీరువా తలుపు లాగి చూశాడు. మంచం దగ్గరికి వచ్చి, కోళ్ళు పట్టుకుని ఊపాడు. కదల్లేదు.

బారెడు పొద్దెక్కింది. పిచ్చుక ఇంకా పడుకునే ఉంది.

"ఇంకా లేవలేదేం?"

"రాత్రే తెచ్చుకున్నానన్నయ్యా. పడుకోనీ, ఎంతసేపు పడుకుంటుందో."

అన్నయ్య తలాడించాడు. కూర్చున్నాడు. ఆయన మొహంలో ముడి కాస్త వదులైంది. "సరే. ఇది ఇల్లే," అన్నాడు. "ఇక వాడిది చూడాలి. ఆ ఇల్లెక్కడో, ఎలా ఉందో... నువ్వెప్పుడైనా వెళ్ళావా?"

మంచం మీద పిచ్చుక కళ్ళు తెరిచింది. కదలకుండా, తల్లినే చూస్తోంది.

ఇస్త్రీ అక్క పొయ్యి మీద గిన్నె పెట్టింది. వెనక్కి తిరగలేదు.

"నిన్నే వెళ్ళానన్నయ్యా," అంది. "నువ్వు రానక్కర్లేదు, నేను చూశాగా. పెద్ద ఇల్లే. బీరువాలు, అద్దాలు, బల్లలు, కుర్చీలు... మంచాలకైతే కొదవే లేదు."